గృహ బ్రాడ్‌బ్యాండ్‌కు నెట్‌వర్క్ కార్డు ఎంపిక: వినియోగదారులు గమనించవలసిన అంశాలు

ఆత్మకూర్: అధిక వేగపు పథకానికి నెలనెలా రుసుము చెల్లిస్తున్నప్పటికీ కంప్యూటర్‌లో వేగం 94 మెగాబిట్‌ల దగ్గరే నిలిచిపోతుంటే, లోపం బయటి లైనులో కంటే ఇంటిలోని నెట్‌వర్క్ కార్డులోనో, కేబుల్‌లోనో ఉండే అవకాశమే ఎక్కువ. 100 మెగాబిట్‌ల కార్డు ఆచరణలో అందించగల గరిష్ఠ వేగం దాదాపు అంతే. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి 2016 పునర్వ్యవస్థీకరణలో వనపర్తి జిల్లాలో చేరిన ఆత్మకూర్ వంటి పట్టణాలలో, పాత కంప్యూటర్‌కే ఫైబర్ కనెక్షన్ తగిలించుకునే కుటుంబాలు ఈ విషయాన్ని ముందుగా తెలుసుకోవలసి ఉన్నది.

ఒకప్పుడు ఈ ప్రశ్నే తలెత్తలేదు. 2004 నాటి బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు 256 కిలోబిట్‌లనే కనీస వేగంగా నిర్దేశించింది. 2005 జనవరిలో బి.ఎస్.ఎన్.ఎల్. టెలిఫోన్ లైన్లపై ఈ సేవను ప్రారంభించినపుడు, సాధారణ కార్డు సైతం అందుకు సుమారు 400 రెట్ల వేగానికి సరిపోయేది. 2023 జనవరిలో కనీస వేగాన్ని 2 మెగాబిట్‌లకు పెంచారు. ఫైబర్ పథకాలు మాత్రం 100 మెగాబిట్‌లను ఎప్పుడో దాటిపోయాయి.

కావున కొత్తగా కొనేవారు గిగాబిట్ కార్డునే ఎంచుకొనుట మేలు. కొనుటకు ముందు కంప్యూటర్‌లో ఉన్నది పాత పి.సి.ఐ. స్లాటో, పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ స్లాటో చూసుకోవాలి. ఒకదాని కార్డు మరొకదానిలో అమరదు. లాన్ పోర్టు లేని ల్యాప్‌టాప్‌లకు యు.ఎస్.బి. 3.0 అడాప్టరు తగినది. కార్డు మార్చినా వేగం పెరగకుంటే కేబుల్‌ను పరీక్షించాలి. 100 మెగాబిట్‌లకు రెండు జతల తీగలు చాలును, గిగాబిట్‌కు నాలుగు జతలూ అవసరం. ఒక్క తీగ తెగినా వేగం చడీచప్పుడు లేకుండా 100కు పడిపోవచ్చు.

వైఫై కార్డు విషయంలో 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండింటిలోనూ పనిచేసేదే కొనవలెను. అయితే మందపాటి రాతిగోడలను 5 గిగాహెర్ట్జ్ తరంగాలు సులువుగా దాటలేవు. అటువంటి ఇండ్లలో కేబులే నమ్మదగినది. పిడుగుపాటు విద్యుత్తు గాజు ఫైబర్ ద్వారా ప్రవహించదు కాని, కరెంటు లైను ద్వారా పరికరాలకు చేరగలదు. ఉరుముల వేళ ప్లగ్గులు తీసివేయుట తప్పనిసరి.

వేగంపై ఫిర్యాదులు స్వీకరించే అధికారులు, ఫిర్యాదుదారు కంప్యూటర్ నెట్‌వర్క్ సెట్టింగులలో లింకు వేగం 100గా ఉన్నదో, 1000గా ఉన్నదో మొదట అడిగి నమోదు చేసుకోవచ్చును. 1000 ఉండి, కేబుల్‌పై పరీక్షించినా వేగం తక్కువగానే వస్తుంటే, అపుడు లైనును తనిఖీ చేయించవలసి ఉంటుంది.