బొమ్మ గీస్తాను, పేరు చెప్పుకోండి

కాలేజీలో చేరిన మొదటి సంవత్సరం, కొత్తవాళ్లకు స్వాగతం పలికే సాయంత్రం నా చేతిలో ఒక అట్టముక్క పెట్టి నల్లబల్ల ముందు నిలబెట్టారు. "అట్ట మీద ఉన్న మాటని బొమ్మగా గీయాలి. నోరు విప్పకూడదు. ఒక్క నిమిషంలో నీ జట్టువాళ్లు ఆ మాట చెప్పెయ్యాలి" అన్నారు. ఓస్ ఇంతేనా అనుకున్నాను. అట్ట తిప్పి చూస్తే ఇంగ్లీషులో 'స్కేర్‌క్రో' అని ఉంది. 'క్రో' అంటే కాకి అని తెలుసు. దాని ముందున్న ముక్క తెలియదు. చీపురుపల్లిలో తెలుగు మీడియంలో చదువుకుని వచ్చినవాణ్ణి, రెండు వందల మంది ముందు "దీని అర్థం ఏమిటండీ" అని అడగడానికి సిగ్గు. కాకిని గీశాను. నా జట్టు "క్రో, క్రో" అని గోల. కాదన్నట్టు చూశాను. మరింత నల్లగా గీశాను, చెట్టు మీద కూర్చోబెట్టాను, నోట్లో రొట్టెముక్క పెట్టాను. నిమిషం అయిపోయింది. హాలంతా ఒకటే నవ్వు.

కుర్చీలోకి వచ్చి కూర్చున్నాక పక్కవాడు మెల్లగా అర్థం చెప్పాడు. పొలంలో పిట్టల్ని బెదిరించడానికి గడ్డితో కట్టి, పాత చొక్కా తొడిగి, తలకి కుండ బోర్లించే దిష్టిబొమ్మట! మా పొలంలో అలాంటివి రెండు ఉండేవి. వాటిలో ఒకదానికి చొక్కా తొడిగింది నేనే. కుండకి సున్నంతో కళ్లూ మీసాలూ పెట్టిందీ నేనే. ఆ హాల్లో నాకంటె బాగా ఆ బొమ్మని గీయగలిగిన వాడు మరొకడు ఉంటాడనుకోను.

ఆ ఆట పేరు పిక్షనరీ. పిక్చరూ డిక్షనరీ కలిపి అల్లిన పేరు. అమెరికాలోని సియాటిల్ నగరంలో హోటల్లో వడ్డన పని చేస్తుండిన రాబర్ట్ ఏంజెల్ అనే యువకుడు, సాయంత్రాలు మిత్రులతో కూర్చుని డిక్షనరీలోంచి ఏదో ఒక మాట ఏరి, దాన్ని బొమ్మగా గీసి చెప్పించేవాడట. ఆ సరదాయే 1985లో అట్టపెట్టెగా బజారుకి వచ్చింది. మొదట వేసినవి వెయ్యి పెట్టెలే. తరువాత లోకమంతా పాకి, 2001లో మేటెల్ అనే పెద్ద బొమ్మల కంపెనీ చేతికి వెళ్లింది. పెట్టెలో ఒక గళ్ల బోర్డు, పాచిక, మాటల అట్టలు, నిమిషం కొలిచే ఇసుక గడియారం ఉంటాయి. అయితే ఇందులో మనకి బొత్తిగా తెలియనిదేమీ లేదు. వాత్స్యాయనుడు చెప్పిన అరవైనాలుగు కళల్లో బొమ్మలు వేసే ఆలేఖ్యమూ ఉంది, పొడుపుకథ విప్పే ప్రహేళికా ఉంది. ఆ రెండిటికీ ముడిపెట్టి, వెనకనుంచి గడియారంతో తరిమితే ఈ ఆట అవుతుంది.

మన వాళ్లకి సినిమా పేర్ల మూకాభినయం బాగా అలవాటు కదా. ఇది దానికి తోబుట్టువు. అక్కడ ఒళ్లు మాట్లాడుతుంది, ఇక్కడ సుద్దముక్క మాట్లాడుతుంది.

నేను ఈ ఆటని నిజంగా నేర్చుకున్నది కాలేజీలో కాదు. ఆ ఏడు కనకమహాలక్ష్మి అమ్మవారి జాతరకి చీపురుపల్లి వెళ్లినప్పుడు మా ఇంటి వీధి అరుగు మీద. చుట్టాలంతా దిగి ఉన్నారు. గుంటలు పదిమంది, పెద్దలు అయిదారుగురు. పెట్టె లేదు, పాచిక లేదు. నోటుపుస్తకం చింపి చీట్లు చేశాం. గచ్చే నల్లబల్ల. నిమిషం చూడడానికి మా బావ చేతి గడియారం. మా అమ్మ వచ్చి "ఏట్రా ఇది, గచ్చంతా బొమ్మలు గీసీసినారు!" అని కేకలేసి, పావుగంటకి తానూ ఒక జట్టులో కూర్చుంది.

పద్ధతి చెబుతాను. ఉన్నవాళ్లని రెండు జట్లు చేయండి. జట్టుకి నలుగురికి తక్కువైతే పస ఉండదు, ఎనిమిదికి మించితే సంతగా ఉంటుంది. చీట్లని అయిదు కట్టలుగా వేరు చేయండి: మనిషి గాని చోటు గాని జంతువు గాని ఒక కట్ట, వస్తువులు ఒకటి, పనులు ఒకటి, కష్టమైన మాటలు ఒకటి, అయిదోది 'అందరి చీటీ'. జట్టులో ఒకరు చీటీ తీసి, మనసులో చదువుకుని, అవతలి జట్టు నుంచి ఒకరికి మాత్రం చూపించి, గీయడం మొదలుపెట్టాలి. నిమిషంలో సొంత జట్టు చెప్పేస్తే మార్కు. కష్టమైన కట్టలోదైతే రెండు. అందరి చీటీ వస్తే రెండు జట్ల నుంచీ ఒక్కొక్కరు లేచి, అదే మాటని ఒకేసారి పక్కపక్కనే గీస్తారు. ఎవరి జట్టు ముందు చెబితే వాళ్లదే మార్కు. పదిహేను మార్కులు ముందు చేరినవాళ్లు గెలిచినట్టు. బోర్డూ పాచికా లేని లోటు దీంతో తీరిపోతుంది.

గీసేవాడు మాట్లాడకూడదు, సైగ చేయకూడదు, అక్షరాలు అంకెలు వేయకూడదు. జట్టువాళ్లు మాత్రం ఎంతైనా అరవొచ్చు, తప్పులు చెప్పినా నష్టం లేదు. గీసేవాళ్లు వంతులవారీగా మారితీరాలి. "వీడికి బొమ్మలు బాగా వచ్చు, వీణ్ణే ఉండనీండి" అంటే ఒప్పుకోకండి. ఆ మాటకొస్తే బొమ్మలు బాగా వచ్చినవాడితోనే చిక్కు. చిత్రలేఖనంలో బహుమతులు పుచ్చుకున్న మా బావ ఎద్దుకి గంగడోలూ, కంటి కింద నీడా దిద్దుతూ ఉండగానే నిమిషం గడిచిపోయింది. తీరా చూస్తే చీటీలో మాట ఎద్దు కాదు, గానుగ.

'అక్షరాలు వేయకూడదు' అన్న నియమం ఇంగ్లీషుకి సులువు గాని మన లిపితో తగవు తెస్తుంది. మన అక్షరాలన్నీ గుండ్రాలే కదా! మా పిన్ని కూతురు ఒక గుండ్రం గీసి నడుమ చుక్క పెట్టింది. అవతలి జట్టు "అది ఠ, అక్షరం రాసీసింది, మార్కు లేదు" అని లేచింది. ఆ పిల్ల గీసింది బొట్టు పెట్టుకున్న అమ్మవారి ముఖం. అక్కడి నుంచి మధ్యవర్తిని ఒకరిని పెట్టుకున్నాం. జట్టులో లేని పెద్దమనిషి ఎవరైనా పనికొస్తారు, కాస్త గట్టి గొంతు ఉంటే మేలు.

అసలు కిటుకు మాత్రం మా అప్ప గీసిన సిరిమానుతో తెలిసింది. విజయనగరంలో విజయదశమి దాటిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను చూడనివాళ్లు మా వైపు తక్కువ. పొడుగాటి చింతమాను, దాని కొసన ఆసనం, అందులో పూజారి. అప్ప ముందు ఒక ఏటవాలు గీత గీసింది, కింద ఊతం పెట్టింది.

"ఏటది, ఏతామా?" అన్నాడు మా బావ.

అప్ప గీతని ఇంకా పొడుగు చేసింది.

"ఏతామే!" అని మరో ఇద్దరు.

నిజమే, నుయ్యి మీద ఏతాం మానూ, రథం మీద సిరిమానూ గచ్చు మీద ఒక్కలాగే కనిపిస్తాయి. అప్ప కాసేపు ఆగి ఆలోచించి, పక్కన బురుజులున్న కోటని ఒక్కటి గీసింది. "సిరిమాను!" అని అరుగు దద్దరిల్లింది. రథం గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుందని అందరికీ తెలుసు. అదే ఏతాం గీయాల్సి వస్తే కొసన బాన చాలు. వస్తువు మొత్తం గీయాలని తాపత్రయపడకుండా, దాన్ని దాని పోలిక వస్తువు నుంచి విడదీసేది ఏదో అది ముందు గీయాలి. వీరఘట్టం మల్లయోధుడు కోడి రామ్మూర్తిని గీయాలంటే ముఖంతో పనేముంది? పడుకున్న మనిషి, ఛాతీ మీద ఏనుగు. మూడేళ్ల గుంటడు కూడా గీయగలడు.

మా మామ్మ బడికి వెళ్లలేదు. చీటీ చదవలేదు గనుక ఆమె వంతు వస్తే మధ్యవర్తి చెవిలో చెప్పేవాడు. ఆమె చేతికి ముగ్గు అలవాటు, సుద్దముక్క ఎత్తకుండా ఒకే గీతలో చేటా, రోకలీ, పొయ్యి మీద చోళ్ల అంబలి కుండా తేల్చేసేది. ఆ రోజు అందరికంటె ఎక్కువ మార్కులు మామ్మవే.

సెలవులయ్యాక ఆ చీట్లని సంచీలో వేసుకుని హాస్టలుకి తెచ్చాను. మనసులో కొంచెం కసి లేకపోలేదు. స్కేర్‌క్రో తెలియదని నవ్వినవాళ్లకి ఇప్పుడు 'గొర్రు', 'కావిడి', 'గుమ్మి' వస్తే తెలుస్తుంది అనుకున్నాను. వచ్చాయి. విశాఖపట్నంలో పుట్టిపెరిగిన ఒక మిత్రుడికి 'చేట' వచ్చింది. వాడు సుద్దముక్క పట్టుకుని నిలబడ్డ తీరు చూసేసరికి నాకు నా కాకి గుర్తొచ్చింది. నవ్వు రాలేదు. ఆ రాత్రే మా గదిలో ఒక నియమం పెట్టుకున్నాం. గీసేవాడికి మాట తెలియకపోతే చీటీ మార్చుకోవచ్చు, మార్కు పోదు, ఎవరూ ఏమీ అనకూడదు. ఇంకొకటి, చీట్లు ఒక్కరే రాయకూడదు. ఆడేవాళ్లు తలా అయిదు తమ ఊరి నుంచి, తమ ఇంటి నుంచి రాసి డబ్బాలో వేయాలి. పెట్టెలో ఈ రెండు నియమాలూ ఉంటే ఆ సాయంత్రం నాకు అంత కష్టం అయ్యేది కాదు.

ఊళ్ల పేర్లు గీయడం ఒక ప్రత్యేకమైన సరదా. మాటని విరిచి ముక్కలుగా గీయడానికి మేం ఒప్పుకున్నాం. పలాసకి జీడిపిక్క, పొందూరుకి రాట్నం, బొబ్బిలికి వీణ చాలు. చీపురుపల్లి చీటీ మా పాలమూరు మిత్రుడికి వచ్చింది. చీపురు గీశాడు. చెప్పేశాం. తరువాత రెండు బొడిపెలతో, నడుము సన్నగా ఏదో గీశాడు. మేం "డమరుకం", "సొరకాయ", "కళ్లజోడు" అన్నాం. వాడు చెమటలు కక్కుతూ దానికి గళ్లు గళ్లుగా గీతలు పెట్టాడు. "వేరుశెనగ!" అన్నాడొకడు. చీపురు, వేరుశెనగ. ఏమవుతుంది? నిమిషం అయిపోయింది. "పల్లీరా! పల్లీ అంటే మీకు తెల్వదా?" అని వాడి బాధ. వాళ్లకి వేరుశెనగ పల్లీ. మాకు పల్లి అంటే గుడిసెలున్న ఊరు. నా సొంత ఊరి పేరు నా కళ్ల ముందు గీస్తే నేనే చెప్పలేకపోయాను.

అదే రాత్రి కష్టమైన కట్టలోంచి 'వలస' వచ్చింది. ఆమదాలవలస, తగరపువలస అని మా వైపు ఊళ్లకే ఆ మాట తోక. కాని చీటీలో రాసిన వలస ఆ తోక కాదు. అది అరుగు మీద మా అప్ప రాసిన చీటీ. కంటికి కనబడని మాటలు, అప్పు, సిగ్గు, దిగులు లాంటివి వస్తే ఆ మాట జరిగే చోటుని గీయాలి. అప్ప అక్కడ గీసినట్టే నేనూ గీశాను. ఒక ఇల్లు, తలుపుకి తాళం, అరుగు మీద ఒంటరిగా ముసలమ్మ, దూరంగా రైలుపట్టాలు, మూటలెత్తుకున్న ఇద్దరు పెద్దలూ ఒక పిల్లా. ఊళ్లో ఇది చూడగానే మామ్మ "తాళమేసీసి ఎల్లిపోనారు. వలసెల్లిపోనారు" అంది, పది సెకన్లయినా కాలేదు. హాస్టల్లో మాత్రం "తీర్థయాత్ర", "వేసవి సెలవులు", "దొంగతనం" అంటూ ఒకటే పాట. ఇచ్ఛాపురం కుర్రాడు "వలస" అన్నాడు. అదే క్షణంలో గది ఆ మూల నుంచి, మా జట్టు కాకపోయినా ఆపుకోలేక, పాలమూరువాడూ "వలస" అన్నాడు. మార్కు సంగతి కాసేపు ఎవరూ ఎత్తలేదు. వాళ్ల నాన్న ఏయే ఊళ్లలో మట్టిపనికి వెళ్లాడో వాడు చెప్పాడు. చెన్నైలో కట్టడం పనికి పోయిన మా చిన్నాన్న సంగతి నేను చెప్పాను. ఏడాది నుంచీ ఒకే వరండాలో తిరుగుతున్నాం గాని, అంతకుముందు ఆ మాట మా మధ్య రాలేదు.

ఇప్పుడు యంత్రం కూడా ఈ ఆట ఆడుతోంది. గూగుల్ వాళ్లు 2016లో 'క్విక్ డ్రా' అని ఒకటి పెట్టారు. మనం తెర మీద ఇరవై సెకన్లలో గీస్తే అది పేరు చెబుతుంది. లోకం నలుమూలల జనం గీసిన అయిదు కోట్ల బొమ్మల్ని 345 రకాలుగా పోగుచేసి తరువాత అందరికీ ఇచ్చారు. ఆ జాబితా చూశాను. చీపురు ఉంది. ఏతాం లేదు, సిరిమాను లేదు. డబ్బాలో చీట్లు ఎవరు వేశారో ఆ మాటలే ఉంటాయి మరి.

ఈ ఏడు యూనియన్ దినోత్సవానికి ఈ ఆట పెట్టదలచిన మిత్రులకు రెండు మాటలు. డబ్బా రెండు రోజుల ముందే వరండాలో పెట్టండి, హాస్టలు వంటవారినీ లైబ్రరీ అటెండరునీ కూడా చీట్లు వేయమనండి. ఒకే మాట నాలుగుసార్లు పడితే మూడు తీసెయ్యండి. వ్యక్తుల్ని ఎగతాళి చేసే చీట్లు చింపెయ్యండి, అవి తప్పకుండా పడతాయి. సుద్దముక్కలు రెండు డబ్బాలు కావాలి, తడిగుడ్డ ఒకటి కాదు రెండు. ఇంగ్లీషు పెట్టె ఉంటే దాన్నీ పక్కన ఉంచుకోండి, చీట్లు అయిపోతే పనికొస్తుంది.