వైద్యం చేసేవారికి రక్షణ ఎక్కడ మొదలవుతుంది?

2003 ఫిబ్రవరి చివర్లో వియత్నాం రాజధాని హనోయిలోని ఫ్రెంచ్ ఆసుపత్రిలో ఒక వ్యాపారి చేరాడు. జ్వరం, దగ్గు, ఆయాసం. మామూలు న్యుమోనియాలా లేదని అక్కడి వైద్యులకు అనుమానం వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున ఆ నగరంలో పనిచేస్తున్న ఇటలీ డాక్టరు కార్లో ఉర్బానీని పిలిపించారు. కొద్దిరోజుల్లోనే ఆ రోగికి సేవ చేసినవాళ్లు ఒకరి వెంట ఒకరు మంచం పట్టారు. ఇదేదో కొత్త జబ్బని, ఆసుపత్రి సిబ్బందికే ముందుగా అంటుకుంటోందని ఉర్బానీ ప్రపంచాన్ని హెచ్చరించారు. మార్చి 29న అదే జబ్బుతో ఆయన కన్నుమూశారు. ఆ జబ్బే సార్స్.

వియత్నాంలో ఆ ఏడాది మొత్తం 63 మందికి సార్స్ సోకితే అందులో 36 మంది వైద్యసిబ్బందే. ప్రపంచమంతటా నమోదైన 8,096 కేసుల్లో 1,706 మంది, అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు, వైద్యరంగంలో పనిచేసేవారు.

దీనికి కారణం ఆ వైరస్ తీరులోనే ఉంది. సార్స్ సోకినవారి శరీరంలో వైరస్ జబ్బు మొదలైన రోజున తక్కువగా ఉండి, దాదాపు పదో రోజుకు తారస్థాయికి చేరుతుంది. పదో రోజుకు రోగి బజారులోనో బస్సులోనో ఉండడు, ఆసుపత్రి మంచం మీద ఉంటాడు. వైరస్‌ను ఎక్కువగా వదిలే సమయంలో అతని పక్కన ఉండేది నర్సు, డాక్టరు, ఆయా.

మనం దగ్గినా, మాట్లాడినా, ఊరికే ఊపిరి వదిలినా నోటి నుంచి రకరకాల పరిమాణాల తుంపరలు వస్తాయి. పెద్దవి ఒకటి రెండు మీటర్లలోపే కిందికి రాలిపోతాయి. బాగా సన్నవి గంటల తరబడి గాలిలో తేలుతూ గదంతా పరుచుకుంటాయి. మిగతావాళ్లం దూరం జరగవచ్చు. గొంతులోకి ఊపిరి గొట్టం వేసే డాక్టరు ముఖం మాత్రం రోగి నోటికి జానెడు దూరంలోనే ఉంటుంది. కఫం తీసే నర్సుకు, పక్క గుడ్డలు మార్చే ఆయాకు కూడా ఆరడుగుల దూరం కుదరదు.

అదే హనోయిలో బాచ్ మాయ్ అనే ప్రభుత్వాసుపత్రి ఉంది. సార్స్ రోగులను అక్కడికీ తరలించారు. మొదట్లో ఆ సిబ్బందికి ఎన్95 మాస్కులు కూడా లేవు. అయినా తర్వాత చేసిన రక్త పరీక్షల్లో వారిలో ఒక్కరికీ సార్స్ సోకిన ఆనవాలు కనబడలేదు. అక్కడివి విశాలమైన గదులు, ఎత్తైన కప్పులు. ఫ్యాన్లు తిరుగుతూ ఉండేవి, పెద్ద కిటికీలు బార్లా తెరిచి ఉండేవి. రోగులను వేరుగా ఉంచడం, మామూలు మాస్కులు, చేతుల శుభ్రతతో పాటు ఈ గాలి కూడా వారిని కాపాడి ఉండవచ్చని అధ్యయనం చేసినవారు రాశారు.

గది గాలి ఎంత మారుతోందో కొలవడానికి ఒక లెక్క ఉంది. గదిలో పట్టేంత గాలి గంటలో ఎన్నిసార్లు కొత్తగా లోపలికి వస్తే, అన్ని గాలి మార్పులు జరిగినట్టు. గాలి ద్వారా సోకే జబ్బుల రోగుల గదికి గంటకు 12 మార్పులు కావాలన్నది ప్రమాణం. ఆ లెక్కన మారితే గాలిలో తేలే కణాల్లో 99 శాతం 23 నిమిషాల్లో పోతాయి. మార్పులు ఆరే అయితే 46 నిమిషాలు పడుతుంది. పెరూ రాజధాని లిమా ఆసుపత్రుల్లో కొలిచి 2007లో ప్రచురించిన పరిశోధనలో, తలుపులు, కిటికీలు తెరిచిన గదుల్లో మధ్యస్థంగా గంటకు 28 మార్పులు కనిపించాయి. యాభై ఏళ్లు దాటిన పాత వార్డుల్లో అంతకంటే ఎక్కువ. క్షయకు మందులేని రోజుల్లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం లాంటి చోట్ల శానటోరియంలు కట్టినవారు కూడా గాలి, వెలుతురు మీద పట్టు పట్టారు. నేటి ఆసుపత్రుల్లో చాలాచోట్ల కిటికీలు మూసి స్ప్లిట్ ఏసీ పెడుతున్నారు. అది బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది. గది చల్లగా ఉంటుంది, వైరస్ గదిలోనే ఉంటుంది.

గాలి తర్వాతే మాస్కు. కరోనా వైరస్ పరిమాణం సుమారు 0.1 మైక్రాన్. అంత చిన్నదాన్ని గుడ్డ రంధ్రాలు ఎలా ఆపుతాయని చాలామంది అడుగుతారు. ఎన్95 పనిచేసేది జల్లెడలా కాదు. దాని పోగుల్లో స్థిరవిద్యుత్తు నింపి ఉంటుంది. పొడి జుట్టు దువ్విన దువ్వెన కాగితం ముక్కలను లాక్కున్నట్టు, ఆ పోగులు దగ్గరికొచ్చిన కణాలను పట్టేస్తాయి. సుమారు 0.3 మైక్రాన్ కణాల్లోనూ కనీసం 95 శాతాన్ని ఆపితేనే దానికి ఆ పేరు. సబ్బుతో ఉతికినా, స్పిరిట్‌తో తుడిచినా ఆ విద్యుత్తు పోతుంది. మాస్కు చూడ్డానికి కొత్తగానే ఉంటుంది, పని మాత్రం సరిగా చేయదు.

ముఖానికి అతుక్కోని ఎన్95 పక్కల నుంచి గాలిని లోపలికి వదిలేస్తుంది. గడ్డం ఉన్నా, ముక్కు దగ్గర క్లిప్పు సరిగా నొక్కకపోయినా ఇదే తంతు. అందుకే ఫిట్ టెస్ట్ చేయాలి. మాస్కు పెట్టుకున్న వ్యక్తి తల మీద తొడుగు వేసి, లోపలికి తియ్యగానో చేదుగానో ఉండే ద్రావణాన్ని తుంపరగా కొడతారు. నాలుకకు రుచి తగిలిందంటే ఆ మాస్కు ఆ ముఖానికి పనికిరాదు. ఈ పరీక్షకు పట్టేది కొద్ది నిమిషాలే.

ఒళ్లంతా కప్పే రక్షణ దుస్తుల పీపీఈ కిట్‌లో అసలు గండం తొడిగేటప్పుడు కాదు, విప్పేటప్పుడు. డ్యూటీ ముగిసేసరికి గ్లౌజులు, గౌను ముందుభాగం, ఫేస్ షీల్డ్ అన్నీ వైరస్ అంటినవే. గంటల తరబడి చెమటలో తడిసి, దాహంతో ఉన్న మనిషికి ఎప్పుడెప్పుడు విప్పేద్దామా అని ఉంటుంది. అక్కడే తడబాటు జరుగుతుంది. శిక్షణలో ఒక పరీక్ష పెడతారు. అతినీలలోహిత దీపం కింద మెరిసే ద్రవాన్ని కిట్ మీద పూసి, విప్పమంటారు. తర్వాత దీపం వేసి చూస్తే మణికట్టు మీద, మెడ మీద, చెవుల వెనక మరకలు మెరుస్తూ కనిపిస్తాయి. జాగ్రత్తగానే విప్పానని అనుకున్నవారికీ అవి తప్పవు. అందుకే క్రమం పెట్టారు. ముందు గ్లౌజులు, తర్వాత కళ్లద్దాలు లేదా షీల్డ్, ఆపై లోపలి వైపు బయటికి వచ్చేలా చుట్టుకుంటూ గౌను. గది బయటికి వచ్చి తలుపు మూశాక, అన్నిటికంటే చివర మాస్కు, అదీ పట్టీలు పట్టుకునే. మధ్యమధ్యలో చేతుల శుభ్రత. ఎదురుగా నిలబడి అంచెలంచెలుగా చెప్పే తోడు మనిషి ఉంటే పొరపాట్లు తగ్గుతాయి.

సార్స్ నేర్పిన ఈ పాఠాలకు కోవిడ్ ఇంకొకటి జోడించింది. కోవిడ్‌లో వైరస్ తారస్థాయికి చేరేది లక్షణాలు మొదలయ్యే సమయానికే. అంతకు ఒకటి రెండు రోజుల ముందు నుంచే అది ఇతరులకు అంటుకోగలదు. అంటే ప్రమాదం రోగి మంచం దగ్గరే కాదు, ఇరుకు గదిలో మాస్కులు తీసి కలిసి అన్నం తినే సహోద్యోగుల మధ్య కూడా ఉంది. 2020లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ ఆసుపత్రుల సిబ్బందిని పరీక్షిస్తే, ఐసీయూలో పనిచేసేవారి కంటే మామూలు వైద్య వార్డుల్లో ఉన్నవారికే ఎక్కువగా సోకినట్టు తేలింది. ఉద్యోగాల వారీగా చూస్తే ఎక్కువ దెబ్బ తిన్నది స్ట్రెచర్లు తోసేవారు, శుభ్రం చేసేవారు.

2020 జనవరి నుంచి 2021 మే వరకు కోవిడ్‌తో 80,000 నుంచి 1,80,000 మంది దాకా వైద్యసిబ్బంది చనిపోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. మనం చప్పట్లు కొట్టాం, దీపాలు వెలిగించాం. ఆ గౌరవం నిజమైనదే. కానీ అది ఎవరి ఊపిరితిత్తులనూ కాపాడలేదు. వారిని కాపాడేది గది గాలి, డ్యూటీ గంటలు, తగినంత మంది సిబ్బంది, టీకా, ఆపైన కొలిచి ఇచ్చిన మాస్కు. వీటిలో మాస్కు చివరి అంచె. మిగతా అంచెలు యాజమాన్యం చేతిలో, ప్రభుత్వం చేతిలో ఉన్నవి. వాటిని వదిలేసి నర్సును జాగ్రత్తగా ఉండమని చెప్పడం బాధ్యత తప్పించుకోవడమే.

ఈ అంచెలు ఏర్పాటు చేయడానికి కొత్త మహమ్మారి వచ్చేదాకా ఆగనక్కర్లేదు. క్షయ మన ఆసుపత్రుల్లో ప్రతిరోజూ ఉంది, అదీ గాలి ద్వారా సోకేదే. ప్రతి ఆసుపత్రీ ఏడాదికోసారి వార్డుల్లో గాలి మార్పులు కొలిపించాలి. డాక్టరు నుంచి స్వీపర్ దాకా, కాంట్రాక్టు మీద పనిచేసేవారితో సహా అందరికీ ఫిట్ టెస్ట్ చేసి, కిట్ విప్పడంలో శిక్షణ ఇవ్వాలి. పాఠకులు చేయగలిగినవీ ఉన్నాయి. దగ్గుతో ఆసుపత్రికి వెళ్తే మాస్కు పెట్టుకోండి. రోగి దగ్గర ఒక్కరే ఉండండి. డాక్టరు గది కిటికీ మూసి ఉంటే తెరవమని అడగండి.