పోలీసు బలము – ప్రజల పర్యవేక్షణము

కంచెయే చేను మేసినచో కాపు ఎవరితో మొరపెట్టుకొనునని మన పెద్దలందురు. పోలీసుశాఖను గూర్చి ఆలోచించువారికి ఈ మాట వెంటనే స్ఫురించును. కాని ఇది సగము ప్రశ్న మాత్రమే. కంచె వేయుటకు ముండ్లకంపయే చాలనప్పుడు చేనేమి కావలెనన్నది మిగిలిన సగము. కావలివారు చాలినంతమంది యుండవలెను. ఆ కావలివారిని కనిపెట్టువారును ఉండవలెను. ఈ రెండును మన భివండి పట్టణ చరిత్రయందు ఎట్లు పెనవేసికొనియున్నవో తెలిసికొనుట ఇచట చదువుకొను విద్యార్థులకు అవసరము.

పద్మనగర ప్రాంతమున నివసించు మన కుటుంబములు పెక్కు కరీంనగరము, నల్లగొండ, ఓరుగల్లు జిల్లాలనుండి మగ్గము పనికై వచ్చినవి. ఆ యూళ్లలో మన తాతలెరిగిన పోలీసు "పోలీసు పటేలు". నైజాము ప్రభుత్వకాలమునుండి వచ్చిన ఆ గ్రామాధికారి ఊరివాడే. అతని మంచిచెడ్డలు ఊరందరికిని తెలియును. 1984లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము గ్రామాధికారుల పదవులను రద్దుచేయుటతో ఆ పదవి అంతరించెను. మహారాష్ట్రమునందు మాత్రము 1967 నాటి గ్రామ పోలీసు చట్టము క్రింద "పోలీసు పాటీలు" గ్రామములందు నేటికిని కలడు. పటేలునకు భయపడినవారు కలరు, పటేలు చేత బాధపడినవారును కలరు. అయినను అతడెవరో తెలియనివారు లేరు. పట్టణమునకు వచ్చిన నేతపనివానికి ఎదురైన కానిస్టేబులు అట్టివాడు కాడు. అతని పేరు తెలియదు, భాష వేరు, రెండు మూడేండ్లలో బదిలీయై పోవును.

ఈ తెలియనితనము యాదృచ్ఛికముగా కలిగినది కాదు. దాని మూలము దూరమున నున్న ఐర్లండు దేశమున కలదు. ఆంగ్లేయ మంత్రి రాబర్ట్ పీల్ 1829లో లండను నగరమునకు ఆయుధములులేని పోలీసును ఏర్పాటు చేసెను. తాము పాలించుచున్న ఐర్లండునకు మాత్రము ఆంగ్లేయులు వేరు పద్ధతి నెన్నుకొనిరి. 1836లో ఒక్కటిగా కూర్పబడిన ఐరిష్ కానిస్టేబులరీ తుపాకులు ధరించునది, బారకులలో నివసించునది, డబ్లిన్ కోటనుండి ఆజ్ఞలు పొందునది. ఆ దళమున చేరినవానిని తన స్వంత జిల్లాలో నియమింపకుండుట నియమము. ప్రజలతో మైత్రి కలిగినచో ప్రభుత్వాజ్ఞ నెరవేరదని వారి భయము. సింధు దేశమును జయించిన చార్లెస్ నేపియర్ 1843లో అచట పోలీసు నేర్పరచునప్పుడు ఈ ఐరిష్ నమూనానే గ్రహించెను. 1857 తిరుగుబాటు తరువాత వచ్చిన 1861 నాటి పోలీసు చట్టమునందును ఆ ఛాయయే గోచరించును. పాలకునకు జవాబుదారియై, పాలితునకు దూరముగా నుండు దళమది.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట రాజ్యాంగము పోలీసును రాష్ట్రముల విషయముగా ఉంచెను. బొంబాయి రాష్ట్రము 1951లో తన పోలీసు చట్టమును చేసికొనెను. అదియే నేడు మహారాష్ట్ర పోలీసు చట్టమని పిలువబడుచున్నది. దళముపై పర్యవేక్షణాధికారము రాష్ట్ర ప్రభుత్వమునకు చెందునని ఆ చట్టము పలికినది. మంచిదే. ప్రజలెన్నుకొన్న ప్రభుత్వము గాక మరెవరు పర్యవేక్షింపవలెను? కాని పర్యవేక్షించు ప్రభుత్వమే తన అవసరమునకు దళమును వాడుకొనదలచినచో, లేక తప్పు జరిగినప్పుడు చూచి చూడనట్లుండదలచినచో, అడుగువారెవరను ప్రశ్నకు ఆ చట్టమున చాలకాలము సమాధానము లేకుండెను.

ఆ లోటు భివండికి 1970లో తెలిసివచ్చెను. ఆ సంవత్సరము మే 7న శివజయంతి ఊరేగింపు సందర్భమున చెలరేగిన మతకలహము పట్టణమును దహించి, జలగావ్, మహాడ్ పట్టణములకును ప్రాకెను. మరమగ్గములు కాలినవి, ఇండ్లు కాలినవి, ఎన్నో ప్రాణములు పోయినవి. ప్రభుత్వము బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి డి. పి. మదన్‌గారిని విచారణకు నియమించెను. సంవత్సరముల తరబడి సాక్ష్యములు వినిన పిమ్మట ఆయన సమర్పించిన నివేదిక అనేక సంపుటముల గ్రంథము. కలహమును అణచుటలోని లోపములకంటె గూడ, కలహానంతరము జరిగిన దర్యాప్తును గూర్చి ఆయన వ్రాసినది తీవ్రమైనది. నేర పరిశోధనకై ప్రత్యేకముగా ఏర్పాటైన పోలీసు దళమే పక్షపాతముతో, ఒక మతమువారిని దోషులుగా నిలుపు ఉద్దేశముతో పనిచేసినదని ఆయన నిర్ధారించిరి. కావలివాడు నిద్రించుట ఒక తప్పు. లేచిన తరువాత దొంగను విడిచి ఇంటివానిని పట్టుకొనుట అంతకు మించిన తప్పు కదా.

ఇచట చదువరులు గమనింపవలసిన సూక్ష్మమొకటి కలదు. 1952 నాటి విచారణ సంఘముల చట్టము క్రింద నియమింపబడిన సంఘము న్యాయస్థానము కాదు. అది ఎవరిని శిక్షింపజాలదు. నివేదికను శాసనసభ ముందుంచవలెను, ప్రభుత్వము తీసికొన్న చర్యలను తెలుపవలెను, అంతవరకే. దాని సిఫార్సులను మన్నించుటయు, మూల నుంచుటయు ప్రభుత్వము చేతిలోనిదే. మదన్‌గారి నివేదికను పలువురు పండితులు మెచ్చుకొనిరి. అయినను 1984 మే మాసమున భివండి మరల మండెను. ఆ కలహము ఠాణే, బొంబాయి నగరములకు వ్యాపించి, అన్ని చోట్ల కలిపి రెండువందలమందికి పైగా బలిగొనెను.

ఇట్టి పట్టణమునకు 1988లో డిప్యూటీ కమిషనరుగా వచ్చిన అధికారి సురేశ్ ఖోపడే. ఆయన కొత్త తుపాకులు అడుగలేదు. కొత్త దళములు అడుగలేదు. పట్టణమును పేటలుగా విభజించి, పేట పేటకు ఒక "మొహల్లా కమిటీ" చొప్పున సుమారు 70 సంఘములను నెలకొల్పెను. ప్రతి సంఘమునందును హిందువులు, ముస్లిములు ఉభయులును సభ్యులు. మగ్గముల యజమానులు, కూలీలు, దుకాణదారులు, ఉపాధ్యాయులు, వివిధ వృత్తులవారు అందు చేరిరి. సమావేశమును నడుపు బాధ్యత ఆ పేటకు నియమింపబడిన పోలీసు ఉద్యోగిది. చర్చలు మతమును గూర్చినవి కావు. కుళాయి వద్ద తగవు, మురుగు కాలువ, ఒకని గోడ మరొకని సందులోనికి వచ్చుట, రాత్రివేళ మైకు మ్రోత, ఇట్టి చిన్న విషయములే. కాని కలహములన్నియు ఇట్టి చిన్న విషయముల వద్దనే పుట్టునని ఖోపడే ఎరుగును. కుళాయి తగవును గూర్చి పదిమార్లు కలిసి మాటలాడినవారి మధ్య పదునొకండవమారు పుకారు పుట్టినచో, వారు కఱ్ఱ పట్టుటకు ముందు ఒకరినొకరు అడిగి తెలిసికొందురు.

ఈ పద్ధతి వలన మరియొక లాభము కలిగెను. అంతవరకు ఠాణాలో ముఖము చూపనివాడు పేటలోని పోలీసు పేరు తెలిసికొనెను. పోలీసును అతని పేరు తెలిసికొనెను. పైన చెప్పిన ఐరిష్ నమూనా దూరముగా నుంచిన ఇరువురను ఖోపడే ఒక చాపపై కూర్చుండబెట్టెనని చెప్పవచ్చును. ఆ సమావేశమున కానిస్టేబులు ప్రశ్నించువాడు మాత్రమే కాడు, ప్రశ్నింపబడువాడును. ఆరు దినముల క్రితము ఇచ్చిన ఫిర్యాదు ఏమాయెనని నలుగురి యెదుట అడిగినచో, ఏదో ఒక సమాధానము చెప్పకతప్పదు. అమెరికాలోని భారతీయ పండితుడు ఆశుతోష్ వార్ష్నే 2002లో వెలువరించిన తన గ్రంథమున భివండి ప్రయోగమును ప్రత్యేకముగా చర్చించెను. మతముల మధ్య సంబంధములు సాధారణముగా సంఘమునుండి పుట్టును గాని, ఇచట పోలీసులే పూనుకొని వానిని కల్పించిరన్నది ఆయన గుర్తించిన విశేషము.

1992 డిసెంబరు, 1993 జనవరి మాసములందు బొంబాయి నగరము రక్తసిక్తమైన సంగతి జగమెరిగినది. అచటికి కొలదిదూరములో నున్న భివండి మాత్రము చెక్కుచెదరలేదు. అప్పటికి ఖోపడే బదిలీయై పోయెను. ఆయన స్థానమున గులాబ్‌రావ్ పోల్ అధికారిగా నుండెను. నెలకొల్పినవాడు వెడలిన పిమ్మటకూడ ఆ సంఘములు పనిచేసినవన్నదియే నా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైన విషయము. తరువాత బొంబాయి నగరమునందును కమిషనరు సతీశ్ సాహనీ, మాజీ పోలీసు అధికారి జూలియో రిబేరో మొదలగువారు అట్టి సంఘములనే స్థాపించిరి.

అయితే ఈ సంఘములు చట్టమునుండి పుట్టినవి కావు. ఒక అధికారి పట్టుదలనుండి పుట్టినవి. పట్టుదల గలవాడు వచ్చినప్పుడు వెలుగును, లేనివాడు వచ్చినప్పుడు మసకబారును. 2006 జూలై 5న దీనికి విషాదకరమైన ఉదాహరణము కలిగెను. నిజాంపుర పోలీసు ఠాణాకు కొత్త భవనము కట్టదలచిన స్థలము శ్మశానవాటికకు చెందినదని ముస్లిములు అభ్యంతరము చెప్పిరి, తమదేయని పోలీసులనిరి. ఘర్షణ జరిగి పోలీసు కాల్పులలో ఇద్దరు మరణించిరి. ఆ రాత్రియే అల్లరిమూక ఇద్దరు కానిస్టేబుళ్లను దారుణముగా చంపివేసెను. పట్టణము పెరుగుచుండగా ఠాణాకు భవనము కావలెననుట న్యాయమైన కోరికయే. 2011 జనాభా లెక్కల నాటికి భివండి–నిజాంపుర నగరపాలికలో 7 లక్షల 9 వేలమందికి పైగా ఉండిరి. లెక్కకెక్కని వలస కూలీల సంగతి వేరు. కాని బలమును పెంచు పనియైనను ప్రజలతో మాటలాడక చేసినచో ఎంత దూరము పోవునో ఆ దినము చూపినది.

బలము విషయమునకు వచ్చితిమి గనుక కొన్ని అంకెలు చూతము. 2020 జనవరి 1 నాటికి దేశమున లక్ష జనాభాకు మంజూరైన పోలీసుల సంఖ్య సుమారు 195. వాస్తవముగా నున్నవారు సుమారు 156. అనగా మంజూరైన ప్రతి అయిదు ఉద్యోగములలో ఒకటి ఖాళీ. ఆ ఖాళీయగు ఉద్యోగి పనిని ఎవరు చేయుదురు? మిగిలిన నలుగురే. పన్నెండు గంటల షిఫ్టు ఎట్టిదో మరమగ్గముల ఇండ్లలోని పిల్లలకు వేరుగా చెప్పనక్కరలేదు. గణపతి నిమజ్జనము, మొహర్రము, ఎన్నికలు, మంత్రుల రాకపోకలు వచ్చినప్పుడు కానిస్టేబులునకు ఆ పన్నెండు గంటలుకూడ చాలవు. 2016లో బొంబాయిలోని దేవనార్ ఠాణాలో, ఒక కానిస్టేబులు ఇచ్చిన సలహాను కమిషనరు దత్తా పడసల్గీకర్ మన్నించి, ఎనిమిది గంటల పనిని పరీక్షార్థము ప్రవేశపెట్టెను. అలసినవాని చేతిలో లాఠీయున్నచో దాని ఫలితము ఎదుటివాని వీపుపై తేలునని ఎవరైనను ఊహింపగలరు. కావున పోలీసునకు విశ్రాంతి నిచ్చుట పోలీసు కొఱకు మాత్రమే కాదు.

ఇక పర్యవేక్షణము. మాజీ పోలీసు అధికారి ప్రకాశ్ సింగ్ వేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న చారిత్రకమైన తీర్పు చెప్పెను. రాష్ట్రమునకొక భద్రతా సంఘముండవలెను. ముఖ్యాధికారులను రెండేండ్లలోపల ఊరక కదల్చరాదు. నేర పరిశోధనను శాంతిభద్రతల పనినుండి వేరుచేయవలెను. పోలీసులపై ఫిర్యాదులు వినుటకు రాష్ట్రస్థాయియందును జిల్లాస్థాయియందును ప్రత్యేక ప్రాధికార సంస్థలుండవలెను. ఇవి ఆ యాదేశములలో కొన్ని. మహారాష్ట్ర ప్రభుత్వము 2014లో తన చట్టమును సవరించి ఫిర్యాదుల సంస్థలకు చోటుకల్పించెను; కాని జిల్లాకొకటి గాక విభాగమునకొకటి చొప్పున. ఠాణే జిల్లా కొంకణ విభాగమున చేరియున్నది. నిర్బంధమునందు మరణము, తీవ్రమైన గాయము, విధివిరుద్ధమైన అరెస్టు, లంచము, బలవంతపు వసూలు, ఇల్లుగాని భూమిగాని ఆక్రమించుట మొదలగు ఆరోపణలను ఈ సంస్థలు విచారింపవచ్చును. రోజుకూలి పోగొట్టుకొని విభాగ కార్యాలయమువరకు పోవుట పేదవానికి సులభము కాదన్నది నా అభిప్రాయము. కోర్టువారు జిల్లాయని చెప్పుటలో అర్థము లేకపోలేదు.

మనకు నమూనా నిచ్చిన ఐర్లండు ఏమి చేసినదో చూచుట ఆసక్తికరము. ఉత్తర ఐర్లండున పోలీసులలో కాథలిక్కులు నూటికి ఎనిమిదిమంది మాత్రమే యుండుటచే ఆ మతమువారు దళమును తమదిగా భావింపలేదు. 1999లో క్రిస్ పాటెన్ సంఘము సిఫార్సు చేయగా 2001లో దళము పేరుతో సహా మార్చబడి, ప్రజాప్రతినిధులును సామాన్య పౌరులును కలిసిన పోలీసు మండలి ఏర్పడెను. పదేండ్లు కొత్త ఉద్యోగములు ఉభయులకును సమానముగా పంచబడెను. దక్షిణమున స్వతంత్ర ఐర్లండు 1922లోనే ఆయుధములులేని దళమును నిర్మించుకొన్నది. అచటను పొదుపు పేరిట 2012, 2013 సంవత్సరములలో 139 ఠాణాలు మూతపడగా, పల్లెవారు తమ గతి ఏమని వాపోయిరి. 2016లో స్వతంత్ర పోలీసు ప్రాధికార సంస్థ వెలసి, 2025లో మరింత విస్తృతమైన మరియొక సంస్థ దాని స్థానము నాక్రమించెను.

మనవంటి అల్పసంఖ్యాక భాషవారికి ఇందులో ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. ఠాణాలో వ్రాతకోతలు మరాఠీలో సాగును. పెద్దలు పలువురు ఆ భాషను మాటలాడగలరే గాని చదువలేరు. వ్రేలిముద్ర వేసి వచ్చుటయే వారెరిగిన పద్ధతి. కాని చట్టము వారిని నిస్సహాయులుగా విడిచిపెట్టలేదు. ఎట్టి బాధను గూర్చియైనను రాష్ట్రమునందలి ఏ అధికారికైనను ఆ రాష్ట్రమున వాడుకలోనున్న ఏ భాషయందైనను విన్నపము నిచ్చుకొను హక్కు రాజ్యాంగములోని 350వ అధికరణము ప్రతివానికిని ప్రసాదించినది. తెలుగు మహారాష్ట్రమున వాడుకలోనున్న భాషయే. ప్రత్యుత్తరముకూడ తెలుగుననే రావలెనని మాత్రము అందు లేదు. నిర్బంధ కారణములను నిర్బంధితునకు తెలిసిన భాషలో నీయవలెనని సుప్రీంకోర్టు 1962లోనే, మహారాష్ట్రనుండి వచ్చిన హరికిసన్ వ్యాజ్యమున తీర్మానించెను. 2025 నవంబరులో, మరల మహారాష్ట్రనుండియే వచ్చిన వ్యాజ్యమున, అరెస్టు కారణములన్నియు వ్రాతపూర్వకముగా ఆ వ్యక్తికి అర్థమగు భాషలో నుండవలెనని స్పష్టము చేసెను.

నోటిమాటగా ఇచ్చిన ఫిర్యాదును పోలీసు వ్రాసికొని, ఇచ్చినవానికి చదివి వినిపించి, పిమ్మట సంతకము గైకొనవలెను. 2024 జూలై 1నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 173వ విభాగము ఇట్లు విధించుచున్నది. దాని ప్రతిని రుసుము లేకుండ ఈయవలెను. నేరము ఏ ఠాణా పరిధిలో జరిగినను ఫిర్యాదు తీసికొనవలెను. ఠాణా అధికారి నిరాకరించినచో, విషయమును కాగితముపై వ్రాసి సూపరింటెండెంటు స్థాయి అధికారికి తపాలాలో పంపవచ్చును. అప్పటికిని ఫలితము లేనిచో మేజిస్ట్రేటును ఆశ్రయింపవచ్చును. ఆ కాగితము వ్రాయుటకు పదవ తరగతి చదువు చాలును.