బత్తాయి బేరం: పూత చూసి కాదు, నిలిచిన పిందె చూసి

జనవరి, ఫిబ్రవరి నెలల్లో బత్తాయి తోట తెల్లగా పూసి ఘుమఘుమలాడుతుంటే రాబోయే సీజన్‌లో సరుకు వెల్లువెత్తుతుందనే ఎవరికైనా అనిపిస్తుంది. పూత మీదనే తోటను గుత్తకు మాట్లాడుకొని బయానా ముట్టజెప్పే వర్తకులు కొందరున్నారు. ఈ పద్ధతిలో లాభపడినవారు వున్నట్లే దెబ్బతిన్నవారూ వున్నారు. పూతకూ కాపుకూ మధ్య లెక్క అంత సూటిగా లేకపోవడమే ఇందుకు కారణం.

నిమ్మ జాతి చెట్లలో పూసిన పువ్వులన్నీ కాయలు కావు. కోత దాకా నిలిచేవి సాధారణంగా నూటికి ఒకటి రెండు. అయిదు నిలిస్తే అది గొప్ప కాపే. ఇది తెగులు కాదు, చెట్టు స్వభావం. మోయగలిగినన్ని కాయలు వుంచుకొని తక్కినవి అది విడిచిపెడుతుంది. వ్యాపారి గమనించవలసిన సంగతి మరొకటి వున్నది. 20 వేల పువ్వులు పూసిన చెట్టు మీద నూటికి ఒకటి నిలిస్తే 200 కాయలు, రెండు నిలిస్తే 400 కాయలు. అంటే రాలుడు 99 వంతుల నుంచి 98 వంతులకు తగ్గితే చాలు, సరుకు రెట్టింపవుతుంది. పూత కళ్ళకు ఒకేలా కనిపించిన రెండు తోటలలో ఒకటి లారీలు నింపడానికీ, రెండవది కూలి ఖర్చులు కూడా రాబట్టలేకపోవడానికీ తేడా ఇంతే.

బెట్ట సంగతి

మన ప్రాంతంలో బత్తాయిని పూతకు తెచ్చేది ముఖ్యంగా బెట్ట. నవంబరు, డిసెంబరు నెలల్లో రైతు తోటకు నీరు కట్టడం ఆపుతాడు. తేలిక నేలలో కొద్ది వారాలు చాలు. బరువు నేలలో నెలన్నర, రెండు నెలలు పడుతుంది. ఆకు వాడి కొంత రాలిన తరువాత పాదులు తవ్వి, ఎరువు వేసి, నీరు ఇస్తే మూడు నాలుగు వారాలకు పూత విరగబడుతుంది. ఆ కాపే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మార్కెట్‌కు వచ్చే సీజన్ కాయ. జూన్, జులై పూత నుంచి వచ్చేది కత్తెర కాయ.

బెట్ట సమయంలో తుపాను వానలు కురిస్తే లెక్క తప్పుతుంది. పూత ఒక్కసారిగా రాక విడతలుగా వస్తుంది, రాబడులు కూడా అలాగే విడతలు పడతాయి. కనుక సెప్టెంబరు ధరను అంచనా వేసేవారు అంతకు ముందటి నవంబరు వానలను మరువరాదు. గూడూరు నిమ్మ వ్యాపారానికి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. పువ్వు నుంచి నిమ్మకాయ కోతకు అయిదారు నెలలు పడుతుంది. వేసవి గిరాకీకి కాయ అందాలంటే సెప్టెంబరు, అక్టోబరులో పూత రావాలి. ఆ రోజుల్లో నేల ఆరదు. వేసవి నిమ్మకు ధర పలకడానికి ఇదొక కారణం.

అసలు పరీక్ష ఏప్రిల్, మే నెలల్లో

రాలుడు మూడు దఫాలుగా వుంటుంది. పూతతోపాటు రాలే సన్న పిందెల గురించి బెంగ అక్కరలేదు. పిందె గోళీకాయంత నుంచి చిన్న నిమ్మకాయంత అయ్యేలోగా జరిగే రెండవ రాలుడే కాపును నిర్ణయిస్తుంది. అనంతపురంలో గాని, నల్లగొండలో గాని అవి ఎండలు 40 డిగ్రీలు దాటే రోజులు. వేరు అందించే నీరు ఆకుకే చాలదు, ఆకు పిందెలోని తేమను లాగుకుంటుంది. అప్పుడు తొడిమ వద్ద ఒక పొర ఏర్పడి పిందె విడివడుతుంది. బోరు ఆగిన తోటలో ఇది పది రోజుల పని. బాగా ఎండగట్టి ఒక్కసారిగా ముంచెత్తేలా నీరు పెట్టినా రాలుడు తప్పదు. కొద్దికొద్దిగా, క్రమం తప్పకుండా తడులివ్వడం, పాదులో వరిగడ్డి గాని వేరుశనగ పొట్టు గాని పరచడం కాపును నిలబెట్టే మార్గాలు.

పిందె నిలపడానికి వాడే మందులు రెండు. 2,4-డి ఒక గ్రాము 100 లీటర్ల నీటిలో గాని, ప్లానోఫిక్స్ ఒక మిల్లీలీటరు నాలుగున్నర లీటర్ల నీటిలో గాని కలిపి చల్లుతారు. మొదటిది కలుపు మందే. మోతాదు మించితే బత్తాయి ఆకే ముడుచుకుపోతుంది. గాలికి పక్క చేనులోని పత్తి మీద పడితే ఆ రైతుతో తగవు ఖాయం. జింకు లోపించిన తోటలో సూక్ష్మపోషకాలు చల్లకుండా ఈ మందుల మీదే ఆధారపడితే ఫలితం అంతంతమాత్రం. తొడిమ పొరను ఇవి ఆలస్యం చేయగలవే గాని లేని నీటిని తేలేవు. "మందు కొట్టించాం, ఇక రాలదు" అన్న మాటకు బేరంలో ధర పెంచనక్కరలేదు. బోరులో నీరెంత వున్నదో చూడడం మేలు.

పూత మీద కొన్నవారికి ధర చవకగా దొరుకుతుంది, నిజమే. కాని మే ఎండల భారమంతా వారిదే. పిందె నిమ్మకాయంత దాటిన తరువాత కొన్నవారు ఎక్కువ ధర పెట్టినా, దాదాపు నిలిచిన సరుకునే కొంటున్నారు. మధ్యేమార్గంగా పూతప్పుడు బయానా మాత్రమే ఇచ్చి, మే చివర చెట్లు లెక్క చూసుకొని ధర ఖరారు చేసుకోవచ్చు. రైతుకూ ఇందులో నష్టం లేదు, పైగా వేసవిలో తడులకు చేతిలో కొంత సొమ్ము వుంటుంది.

రాత్రి వచ్చే దొంగ

మూడవ రాలుడు కోతకు ముందు వస్తుంది. తొడిమ కుళ్ళు కొంత కారణం, రసం పీల్చే రెక్కల పురుగు మరికొంత. ఈ పురుగు చీకటి పడిన తరువాత వచ్చి, పండబారిన కాయకు సూదిమొనంత రంధ్రం చేసి రసం పీల్చిపోతుంది. దీని గొంగళి పురుగు బత్తాయి మీద బతకదు. కంచెల మీది తిప్పతీగ, దూసరితీగలు తిని పెరుగుతుంది. తోటలో మందు కొట్టి కంచెను వదిలేసిన రైతుకు అందుకే ఫలితం కనిపించదు.

కొనుగోలుదారుకు ఇందులో పెద్ద చిక్కు వున్నది. రంధ్రం పడిన కాయలు కొన్ని వెంటనే రాలవు. కోతనాడు గట్టిగానే కనిపించి లారీ ఎక్కుతాయి. ఢిల్లీ ఆజాద్‌పూర్ చేరేలోగా రంధ్రం చుట్టూ మెత్తబడి, కుళ్ళి, పక్క కాయలను కూడా తడుపుతాయి. రంధ్రం దగ్గర వేలితో నొక్కితే రసం చిమ్ముతుంది, ఏరివేతలో పట్టుకోవడానికి ఇదే గుర్తు. ఆ ఏరివేత తోటలోనే, తూకానికి ముందే జరగాలి. తూకం అయిన తరువాత బయటపడిన కుళ్ళు రైతుదా, వర్తకుడిదా, కమీషన్ ఏజెంటుదా అన్న పంచాయితీ ఏ యార్డులోనూ తొందరగా తేలదు.