వెండి బిళ్ళలకు సొంత అచ్చు అవసరమా?

ఊరి గుడికి కుంభాభిషేకం నిశ్చయమైనప్పుడో, బడికి నూరేళ్లు నిండినప్పుడో, ఇంటి పెద్దలకు షష్టిపూర్తి జరిగేటప్పుడో మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగు కుటుంబాలలో ఒక ఆలోచన వస్తుంటుంది. వచ్చినవారికి స్టీలు గిన్నెలు ఇచ్చేకన్నా మన దేవుని రూపం, మన ఊరి పేరు గల వెండి బిళ్ళలు ఇస్తే బాగుంటుంది కదా అని. అంగడికి వెళితే లక్ష్మీదేవి, వినాయకుడు ఉన్న బిళ్ళలు సిద్ధంగా ఉంటాయి. మన రూపమే కావాలంటే మాత్రం “అచ్చు చేయించాలి, దాని ఖర్చు వేరు” అంటారు. ఆ మాట దగ్గర సమితి రెండు పక్షాలవుతుంది. చందా ఇచ్చినవారిలో కూలి చేసి ఇచ్చినవారూ ఉంటారు గనుక ఈ విషయం నిదానంగా ఆలోచించవలసినదే.

ఈ ముచ్చట మనకు కొత్త కాదు. పాత ఇళ్ల పూజాపెట్టెలలో రామటంకాలు ఉండేవి. ఒకవైపు శ్రీరామ పట్టాభిషేకం, మరొకవైపు విల్లంబులతో రామలక్ష్మణులు. అవి అంగడిలో చెల్లే నాణేలు కావు, పూజకు ఉంచుకొనే బిళ్ళలు. టంకశాలకు తెలుగులో కమ్మటం అనే చక్కని పేరు ఒకటి ఉండేది, ఇప్పుడు నిఘంటువులలోనే కనబడుతున్నది. నేటికీ తిరుమల తిరుపతి దేవస్థానం శ్రీవారి రూపం గల బంగారు, వెండి డాలర్లను భక్తులకు విక్రయిస్తున్నది. అయితే దేవస్థానానికి ఏడాది పొడుగునా కొనేవారున్నారు. మన ఊరి సమితికి ఒక పండుగ మాత్రమే ఉన్నది. అచ్చు కొనాలా వద్దా అన్న ప్రశ్నలో అసలు తేడా ఇదే.

అచ్చు అంటే ఏమిటో ముందు తెలుసుకుందాం. పనివారు దీనిని డై అంటారు. గట్టి టూల్ స్టీలు దిమ్మె ముఖంపై మన బొమ్మను, అక్షరాలను తిరగేసి, లోపలికి చెక్కుతారు. చెక్కిన తరువాత కొలిమిలో వేడిచేసి గట్టిపరుస్తారు. బిళ్ళకు రెండు ముఖాలు కాబట్టి రెండు అచ్చులు కావాలి. వెండి పక్కకు పారిపోకుండా చుట్టూ ఒక ఉక్కు కంకణం ఉంటుంది, దానిని కాలర్ అంటారు. వెండిని రేకుగా సాగదీసి, గుండ్రంగా కత్తిరించి, ఎర్రగా కాల్చి మెత్తబరచి, కంకణంలో రెండు అచ్చుల నడుమ ఉంచి ప్రెస్సుతో ఒత్తుతారు. రూపాయి బిళ్ళంత వెడల్పు గల వెండిపై ముఖం, అక్షరాలు స్పష్టంగా లేవాలంటే ఆ ఒత్తిడి వంద టన్నుల దాకా పోవచ్చును.

దీనిని బట్టి తేలేదేమనగా, అచ్చు కొన్నంత మాత్రాన మనకు టంకశాల వచ్చినట్లు కాదు. ప్రెస్సు లేనిదే అచ్చు ఒక ఇనుప ముద్ద. పైగా ఒక వర్క్‌షాపు ప్రెస్సులో అమరే అచ్చు మరొక చోట అమరకపోవచ్చును. అచ్చు వెనుకభాగపు కొలతలు ఆయా ప్రెస్సుల పట్టును బట్టి ఉంటాయి. అచ్చుకు డబ్బు చెల్లించిన సమితి తనకు తెలియకుండానే ఆ వర్క్‌షాపుకు కట్టుబడిపోతుంది. ఆ కొలతలు కాగితంపై వ్రాయించుకొనడం మంచిది.

“మన హోసూరులో డై పని తెలియనివారెవరు?” అని కొందరు అడుగుతారు. నిజమే. 1970ల నుండి సిప్‌కాట్ పారిశ్రామికవాడ, 1980లలో టైటాన్ గడియారాల కర్మాగారం, 1990లలో ఆ సంస్థ నగల తయారీ ఇక్కడికి వచ్చినందువలన సన్నని కొలతల పని తెలిసినవారు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. కాని వాహనాల విడిభాగాల కోసం రేకును కత్తిరించే డై వేరు, వెండిని ఒత్తి బొమ్మ తేల్చే డై వేరు. మొదటిదానిలో అంచు ముఖ్యం, రెండవదానిలో లోతు ముఖ్యం. ముఖపు బుగ్గ ఎంత లేవాలి, ముక్కు ఎంత లేవాలి అన్నది శిల్పి పని. పనిచేసేవారు లోగడ కొట్టిన బిళ్ళలను చేతికి తీసుకొని చూడకుండా మాట ఇవ్వకూడదు. బెంగుళూరు నగరత్‌పేటలోనైనా, కాలిగొలుసులకు పేరుగన్న సేలం శెవ్వాపేటలోనైనా ఇదే అడగాలి.

ఇక లెక్క. అచ్చుల ధర పనిని బట్టి మారుతుంది కనుక ఉదాహరణకు జత ఇరవై వేల రూపాయలు అనుకుందాం. వంద బిళ్ళలు కొట్టిస్తే ఒక్కొక్క దానిపై 200 రూపాయలు పడుతుంది. 500 కొట్టిస్తే 40, వెయ్యి కొట్టిస్తే 20. ఇంతవరకు అందరూ లెక్కవేస్తారు. దీనిని వెండి ధర పక్కన పెట్టి చూసేవారు తక్కువ. 2020 మొదట్లో గ్రాము వెండి యాభై రూపాయల లోపే ఉండినది. 2025 డిసెంబరు నాటికి రెండు వందలు దాటింది. ఆ రెండు వందల లెక్కనే 500 బిళ్ళలు, పదేసి గ్రాములవి కొట్టిస్తే వెండికే పది లక్షలు. ఇక 999 శుద్ధత అని చెప్పి 925 వెండి ఇచ్చారనుకోండి. నూటికి ఏడు వంతుల పైచిలుకు, అనగా సుమారు 74 వేల రూపాయలు, ఎవరి కంటా పడకుండా పోతుంది. ఇరవై వేల అచ్చు గురించి మూడు సమావేశాలు పెట్టి, వెండి శుద్ధతను నోటిమాటకు వదిలివేసే సమితి దేనిని కాపాడుతున్నట్టు?

వెండి ధర ఎక్కినకొద్దీ మరొక చిక్కు ఉన్నది. అచ్చు బిళ్ళ వెడల్పును శాశ్వతంగా నిర్ణయిస్తుంది. ముప్ఫై మిల్లీమీటర్ల వెడల్పుతో పది గ్రాముల బిళ్ళ సుమారు 1.35 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. వచ్చే ఏడు ధర పెరిగినదని అదే అచ్చుతో ఐదు గ్రాములు కొట్టిస్తే మందం 0.67కు పడిపోతుంది. రేకు వలె వంగుతుంది, దేవుని ముఖం లేవదు. ఐదు గ్రాములకు 24 మిల్లీమీటర్ల వెడల్పు తగినది, అప్పుడు మందం ఒక మిల్లీమీటరు పైన నిలుస్తుంది. కాని దానికి వేరే అచ్చు కావాలి. ఇంట్లో కలశంలో వేసే పాత జార్జి రూపాయి ఉంటే ఒకసారి చేతిలోకి తీసుకొని చూడండి. 1939 వరకు ముద్రించిన ఆ రూపాయి 11.66 గ్రాములు, నూటికి 91.7 వంతులు వెండి, ఇంచుమించు ముప్ఫై మిల్లీమీటర్ల వెడల్పు. ఆ మందమే దానికి నిండుదనం ఇచ్చింది. అంచు కొంచెం ఎత్తుగా ఉండడం చేత నడుమనున్న బొమ్మ అరగలేదు.

తేదీ సంగతి కూడా ఇటువంటిదే. అచ్చులో సంవత్సరం చెక్కిస్తే మరుసటి ఏటికి అది పనికిరాదు. కుంభాభిషేకం సాధారణంగా పన్నెండేళ్లకొకసారి జరిగేది. అప్పటికి సమితి సభ్యులు మారతారు, అచ్చు తుప్పుపడుతుంది, ఒక్కొక్కప్పుడు వర్క్‌షాపే ఉండదు. కాబట్టి కుంభాభిషేకానికని అచ్చు కొనవద్దనే నేను చెబుతాను. హోసూరు చంద్రచూడేశ్వర స్వామి తేరు వలె ఏటేటా జరిగే ఉత్సవానికి, ఏటా కొన్ని వందల బిళ్ళలు అవసరమయ్యే చోట మాత్రం అచ్చు కొనడం న్యాయమే. అప్పుడు సంవత్సరం అచ్చులో చెక్కించక, ఖాళీ చోటు విడిచి తరువాత లేజరుతో వ్రాయించుకొనవచ్చును. ఆలయం ధర్మాదాయ శాఖ అధీనంలో ఉన్నదైతే కార్యనిర్వహణాధికారితో ముందుగా మాట్లాడి అనుమతి తీసుకొనాలి.

నూరు బిళ్ళల లోపు అయితే అచ్చు మాటే అక్కరలేదు. సిద్ధంగా ఉన్న బిళ్ళ వెనుకభాగం నున్నగా ఉన్నదానిని తీసుకొని లేజరుతో పేరు వ్రాయిస్తే చాలు. ఆ వ్రాత పైపైన ఉంటుంది, చింతపండుతో తోమి తోమి కొన్నేళ్లకు మసకబారుతుంది, అది నిజం. వీటి నడుమ మరొక దారి ఉన్నది. ముందువైపుకు వర్క్‌షాపు వద్దనున్న లక్ష్మీ అచ్చునో, వేంకటేశ్వర స్వామి అచ్చునో వాడుకొని, వెనుకవైపు అక్షరాల అచ్చు ఒక్కటే మనం చేయించడం. ముఖాలు చెక్కడం కష్టం, ఖర్చు. అక్షరాలు అంత కష్టం కాదు. మన ఊళ్లకు తరచుగా సరిపోయేది ఈ దారియే.

అక్షరాలు కష్టం కాదన్నాను, తెలుగు అక్షరాలకు మాత్రం కాపలా కావాలి. చెక్కేవారికి తెలుగు రాకపోవడం ఇక్కడ మామూలే. కంప్యూటరులో మనం పంపిన అక్షరాలు వారి చెక్కుడు సాఫ్ట్‌వేరులోకి వెళ్లేసరికి ఒత్తులు విడిపోయి పొల్లులు పుట్టుకొస్తాయి. ‘శ్వ’ కాస్తా ‘శ్’ పక్కన ‘వ’ అవుతుంది. వారికి అది తప్పని తెలియదు. అందువలన అక్షరాలను టైపు చేసిన రూపంలో కాక, కోరల్‌డ్రా వంటి దానిలో బొమ్మగా మార్చి ఇవ్వాలి. ‘ప’కు ‘వ’కు, ‘ష’కు నడుమ తేడా ఒక చిన్న గీతయో, సందో. తలకట్టు కొద్దిగా జారినా ఊరి పేరు మారిపోతుంది. తమిళంలో ఒత్తుల బాధ లేదు గాని పుళ్ళి ఉన్నది. చిన్న సైజులో ఆ చుక్క అయితే మాయమవుతుంది, లేదా వెండిలో పడిన గుంటవలె కనబడుతుంది. రెండు భాషలలోనూ ఊరి పేరు వేయించుకొనే మనకు రెండు కష్టాలూ ఉన్నాయి.

చోటు కూడా లెక్కవేసుకొనాలి. ముప్ఫై మిల్లీమీటర్ల బిళ్ళపై అంచుకు లోపలగా, 26 మిల్లీమీటర్ల వలయంలో వ్రాస్తే చుట్టుకొలత సుమారు 82 మిల్లీమీటర్లు. పైసగం తెలుగుకు, క్రిందిసగం తమిళానికి ఇస్తే ఒక్కొక్క భాషకు 41. ఒత్తుతో కూడిన అక్షరానికి మూడు మిల్లీమీటర్లు అనుకుంటే పదమూడు అక్షరాలు పడతాయి. ‘శ్రీ చంద్రచూడేశ్వర స్వామి’ తొమ్మిది అక్షరాలలో ముగుస్తుంది కాబట్టి సుఖంగా పడుతుంది. దాతల పేర్లన్నీ వేయించాలనే పెద్దలు ఈ లెక్కను ఒకసారి చూడాలి.

అచ్చుపై అక్షరాలు అద్దంలో వలె తిరగబడి ఉంటాయి గనుక దానిని చదివి తప్పు పట్టడం పండితులకైనా కష్టమే. గట్టిపరచక ముందే సీసంపైనో, అల్యూమినియం రేకుపైనో నమూనా ముద్ర తీయించి, ఇద్దరి చేత వేర్వేరుగా చదివించాలి. ఒకరు తెలుగు బాగా తెలిసినవారు, మరొకరు బడిలో చదివే పిల్లవాడు. పెద్దలు అర్థం తెలిసి చదువుతారు కనుక తప్పును దాటిపోతారు. పిల్లలు ఉన్నది ఉన్నట్టు చదువుతారు.

చట్టం గురించి ఒక మాట. ధనంగా వాడుటకు ఉద్దేశించిన లోహపు బిళ్ళలను ప్రైవేటువారు తయారుచేయడాన్ని 2011 నాటి నాణేల చట్టం నిషేధించింది. పూజకు, జ్ఞాపకార్థానికి ఇచ్చే బిళ్ళలు ఆ కోవలోకి రావు గాని, వాటిపై రూపాయి గుర్తు, విలువ అంకె, చెలామణి నాణెం పోలిక ఉండరాదు. నాలుగు సింహాల ముద్రను వాడడాన్ని 2005 నాటి చట్టం వేరుగా నిషేధించింది. “అందంగా ఉంటుంది” అని దానిని వేయించాలనేవారు ప్రతి ఊరిలోనూ ఒకరుంటారు.

శుద్ధతకు వస్తే, బరువు, శుద్ధత వ్రాసిన జీ.ఎస్.టి. బిల్లు లేకుండా తీసుకొనకూడదు. భారతీయ ప్రమాణాల సంస్థ 2025 సెప్టెంబరు 1 నుండి వెండి వస్తువులకు కూడా ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్యతో హాల్‌మార్క్ ఇస్తున్నది, అయితే అది ఐచ్ఛికమే. వచ్చిన సరకులో ఒక బిళ్ళను సమితి స్వయంగా ఎంచి పరీక్షకు పంపాలి. ఎక్స్‌రే యంత్రం పైపొరనే చూస్తుంది కాబట్టి ఆ ఒక్కదానిని కోయించి చూపడం మేలు. ఇంటివద్ద చేయదగిన పరీక్ష కూడా ఒకటున్నది. సన్నని త్రాసుపై నీళ్ల గ్లాసు ఉంచి సున్నాకు తెచ్చి, 50 గ్రాముల బిళ్ళలను దారంతో కట్టి, అడుగు తగలకుండా నీటిలో ముంచాలి. మంచి వెండి అయితే త్రాసు 4.8 గ్రాములకు కాస్త లోపల చూపుతుంది. జర్మన్ సిల్వర్, అనగా వెండి అసలే లేని మిశ్రమం, 5.7కు పైబడుతుంది. 999కి 925కి తేడా ఇందులో తేలదు, గాలి బుడగ ఒక్కటి చాలు దానిని మరుగుపరచడానికి. పెద్ద మోసం మాత్రం బయటపడుతుంది.

అన్నీ చూసుకొని అచ్చు చేయించినట్లయితే, అది ఎవరిదో ఒప్పందంలో వ్రాయించుకొనండి. డబ్బు ఇచ్చింది సమితియే అయినా అచ్చు వర్క్‌షాపులోనే ఉండిపోవడం వాడుక. మన ముద్రతో తక్కువ వెండి బిళ్ళలు వేరొకరు కొట్టి అమ్మితే, నింద పడేది ఊరి పేరు మీద. పని ముగిసిన రోజే రెండు అచ్చులను, కంకణాన్ని తీసుకొని, నూనె పూసి, గుడ్డ చుట్టి, సమితి పుస్తకంలో వ్రాసి, గుడి లేదా బడి బీరువాలో ఉంచాలి. ఇక కొట్టించేది లేదని తీర్మానించిననాడు ముఖంపై అడ్డంగా ఒక లోతైన గాటు పెట్టించి, ఆ గాటుతోనే ఒక నమూనా బిళ్ళ తీయించి దాచుకొంటే ఆ అచ్చు పని ముగిసినదనడానికి అది సాక్ష్యంగా ఉంటుంది.