కోనేటి దాకా తోడు వచ్చేవారు

బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏండ్లుగా పడియున్న రోగిని మనమందరము ఎరుగుదుము. బాగుపడాలని ఉందా అని ప్రభువు అడిగితే అతడు తన జబ్బు సంగతి చెప్పనేలేదు. నీళ్ళ దాకా తనను చేర్చే మనిషి లేడని మొరపెట్టుకున్నాడు. ఈ భాగముపై ఎన్నోమార్లు ప్రసంగించాను గాని, ఆ మొరలోని బరువు లండనులోని ఒక సంఘము చేసిన పని గురించి చదివాకే నాకు తెలిసింది.

లండను తూర్పు భాగములో బ్రోమ్లీ-బై-బో అనే పేదల పేట ఉంది. 1984లో ఆండ్రూ మాసన్ గారు అక్కడి యునైటెడ్ రిఫార్మ్‌డ్ సంఘమునకు కాపరిగా వచ్చారు. గుడి పెద్దదే. ఆరాధనకు వచ్చేది మాత్రము కొద్దిమంది వృద్ధులు. ఆయన ఆ గుడి తలుపులు పేట అంతటికీ తెరిచారు. పసిపిల్లల బడి పెట్టారు. చేతిపని తెలిసినవారికి చోటిచ్చి, ఆ పని చుట్టుప్రక్కల వారికి నేర్పమన్నారు. (మన గుడులు వారానికి ఎన్ని గంటలు తెరచి ఉంటున్నాయో లెక్క వేస్తే కాపరిగా నాకే సిగ్గు వేస్తుంది.)

తరువాత కొన్నేండ్లకు, చిన్న పిల్లలున్న ఒక తల్లి ఆ పేటలో క్యాన్సరుతో చనిపోయింది. చివరి రోజుల్లో ఆమెను చూసుకున్నది ఇరుగుపొరుగు వారే. ఆసుపత్రి, ప్రభుత్వ కార్యాలయము ఎవరి పని వారు చేశారు గాని, వాటిని కలిపి చూసేవారు లేకపోయారు. ఆ దుఃఖములో నుండే, తామే ఒక ఆరోగ్య కేంద్రము కట్టుకోవాలన్న పట్టుదల పుట్టింది. 1997లో అది తెరవబడింది.

అక్కడి డాక్టర్లలో శామ్ ఎవరింగ్టన్ గారు ఒకరు. ఒళ్ళు నొప్పులు, నిద్ర పట్టకపోవడము, గుండె దడ అంటూ వచ్చేవారిలో కొందరి బాధకు మూలము అప్పులు, ఒంటరితనము, లేదా భాష రాకపోవడము అని వారు గమనించారు. ఆ పేటలో బంగ్లాదేశ్ నుండి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. అటువంటి వారిని డాక్టరు మరో పనివారి వద్దకు పంపుతారు. ఆ మనిషి జబ్బేమిటని కాక, నీకు ఏది ముఖ్యమని అడుగుతాడు. ఒకరిని తోటపనికి, ఒకరిని ఇంగ్లీషు తరగతికి, మరొకరిని అప్పుల విషయములో సలహా చెప్పేవారి వద్దకు చేరుస్తాడు.

చీటీ రాసిచ్చి పొమ్మంటే క్రుంగిపోయిన మనిషి వెళ్ళడు. అందుకే ఈ పనికి ప్రత్యేకముగా మనుషులు కావలసి వచ్చారు. వీరిని లింక్ వర్కర్లు అంటారు. 2019లో ఇంగ్లండు ప్రభుత్వ ఆరోగ్య సేవ ఈ పద్ధతిని దేశమంతటా చేపట్టి, 1,000 మందికి పైగా లింక్ వర్కర్లను పెట్టాలని నిర్ణయించింది.

ఇది మందులకు బదులు కాదు సుమా! బి.పి. మాత్ర, షుగరు మాత్ర మానుకోమని అక్కడ ఎవరూ చెప్పరు. ప్రార్థన చేయించుకున్నామని మాత్రలు మానేసి మంచము పట్టినవారిని నేను చూశాను కనుక ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

మా సంఘములో ఒక అవ్వ ఉంది. భర్త పోయాక ప్రతి వారము మోకాళ్ళ నొప్పికి సూది వేయించుకొనేది. నేనూ వెళ్ళి ప్రార్థన చేసి, టీ త్రాగి వచ్చేవాడిని. ఆమెకు విస్తళ్ళు కుట్టడము బాగా వచ్చునని నాకు చాలాకాలము తెలియదు. నేను అడగలేదు. సంఘ విందులకు విస్తళ్ళు కుట్టేందుకు స్త్రీల సమాజమువారు బుధవారము కూడుతున్నారని వేదిక మీద నుండి మూడుసార్లు ప్రకటించినా ఆమె రాలేదు. చివరికి నా భార్య వాళ్ళింటికి వెళ్ళి, చెప్పులు తొడుక్కునే దాకా కూర్చుని, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

అవ్వకు మోకాళ్ళ నొప్పి ఇంకా ఉంది. సూదులు తగ్గాయి. ఇప్పుడు బుధవారము కాస్త ఆలస్యమైతే, కర్ర పొడుచుకుంటూ ఆమే మా వాకిట్లోకి వచ్చి, “ఏమ్మా, ఇంకా బయలుదేరలేదా?” అని నా భార్యను కేకలేస్తుంది.