ఏటి యొడ్డున రెండు ప్రభుత్వములు

మన యానాము వైశాల్యము సుమారు 30 చదరపు కిలోమీటర్లు. చుట్టును ఆంధ్రప్రదేశము, పాలన మాత్రము 800 కిలోమీటర్లకు పైగా దూరముననున్న పుదుచ్చేరిది. పుదుచ్చేరి ప్రాంతమంతటిలో తెలుగువారమైన మనము అల్పసంఖ్యాకులము. వారధి దాటి యెదుర్లంకకు పోయినచో మన భాషయే అందరి భాష. అయినను అచ్చటి నిబంధనలు వేరు, ఇచ్చటి నిబంధనలు వేరు.

ఈ చిక్కు పాతదే. 1929లో బ్రిటిషు ఇండియాలో శారదా చట్టము బాల్యవివాహములను నిషేధించినది. ఫ్రెంచివారి యేలుబడిలోనున్న యానామునకు అది వర్తింపలేదు. పెండ్లివారు ఇచ్చటికి వచ్చి, తమ యూర జరుగరాని పెండ్లి జరిపించుకొని పోయెడివారు. 1954లో ఫ్రెంచి పాలన ముగిసినది. 1962లో విలీనము చట్టరీత్యా పూర్తియైనది. దేశ మొకటైనది గాని పాలనల నడుమ గీత మిగిలినది.

నేడు ఆ గీత మన పిల్లల చదువునకు అడ్డుపడుచున్నది. ఆంధ్రప్రదేశ్ కళాశాలలలో నూటికి 85 సీట్లు, 1974 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ననుసరించి, స్థానికులకు కేటాయింపబడినవి. స్థానికత్వము భాషను బట్టి గాని, ఇంటి దూరమును బట్టి గాని నిర్ణయింపబడదు. సాధారణముగా అర్హత పరీక్షతో ముగియు నాలుగేండ్లు వరుసగా అచ్చట చదివియుండవలెను. అందుచే యానాములోనే చదువు ముగించిన బాలుడు కాకినాడలో స్థానికేతరుడగుచున్నాడు.

హద్దు చెరపకయే అడ్డు తొలగింపవచ్చును. అందులకు మన బడులే తార్కాణము. అవి ఏండ్ల తరబడి ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకములు బోధించి, ఆ రాష్ట్రపు పదవ తరగతి పరీక్షకే పిల్లలను పంపినవి. బడి నడిపినది ఒక ప్రభుత్వము, పరీక్ష జరిపినది మరియొకటి; ఎవరి యధికారమునకును లోటు రాలేదు. 2023–24 నుండి ప్రభుత్వ పాఠశాలలు కేంద్ర బోర్డునకు మారుటతో ఆ ముడి సడలినది. విదేశములలోను ఇట్టి యుదాహరణ గలదు. ఫ్రాన్సు, స్పెయిను సరిహద్దున, పుయిగ్‌సెర్దా పట్టణమున, ఇరువైపుల ప్రజలకును వైద్యము చేయు ఉమ్మడి ఆసుపత్రి 2014లో తెరవబడినది.

మనకును వేదిక గలదు. 1956 నాటి చట్టముచే ఏర్పడిన దక్షిణ మండల పరిషత్తులో ఆంధ్రప్రదేశ్, పుదుచ్చేరి రెండును సభ్యులు. సరిహద్దు తగవులు, అల్పసంఖ్యాక భాషీయుల సమస్యలు దాని చర్చకు అర్హములని ఆ చట్టమే చెప్పుచున్నది. పరిషత్తు సలహా నీయగలదే గాని శాసింపజాలదు. అయినను యానాము విద్యార్థులను ప్రవేశముల విషయమున స్థానికులుగా పరిగణింపుడని అచ్చట విన్నవించుట న్యాయమని మా తలంపు.

అది ఫలించువరకు తల్లిదండ్రులకు మా మనవి యొకటి. ఇంటరుతో ముగియు నాలుగేండ్లు తొమ్మిదవ తరగతితో మొదలగును. కావున బిడ్డను ఏ యొడ్డున చదివింపవలెనో ఎనిమిదవ తరగతిలో నుండగనే, ఉభయ ప్రభుత్వముల నిబంధనలు విచారించి నిశ్చయించుకొనుడు. ఇంటరు ముగిసిన పిదప విచారించిన ప్రయోజన ముండదు.